మొహం కందితే తాగినట్టేనా?

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేను కల్లు గానీ సారా గానీ ముట్టలేదు. నల్లగొండ జిల్లాలో భూముల సర్వేయరుగా ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. ఐదేళ్ల క్రితం దేవరకొండ వైపు ఒక ఊళ్లో అన్నదమ్ముల పంపకానికి హద్దులు చూపడానికి వెళ్లినప్పుడు, వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన నా వంక ఎగాదిగా చూసి, పక్కనున్న మనిషితో, నాకు వినపడేటట్టుగానే, "సర్వేరు సారు పొద్దుగాలనే ఏసుకొచ్చిండు" అన్నాడు. అప్పటికి పదకొండు గంటలైంది. రెండు గంటలుగా ఏప్రిల్ ఎండలో టిప్పన్ (పొలం కొలతల పటం) కాగితం పట్టుకొని చెలకల్లో తిరిగి, వాళ్లు ఇచ్చిన పొగలు కక్కే చాయ్‌ని అంతకు ఐదు నిమిషాల ముందే తాగాను. బుగ్గలు, ముక్కు, గదవ కణకణ మండుతున్నాయి. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు కూడా తాగినవాడి నవ్వులాగే కనిపించి ఉంటుంది.

సర్వేయరు రాయి ఏ వైపు పాతినా ఒకరికి కోపం రాక తప్పదు. ఈసారి తమ్ముడికి వచ్చింది. వారం తిరగకుండా ఆఫీసుకు ఒక అర్జీ చేరింది. కొలతలో తప్పుందని అందులో ఎక్కడా లేదు, సర్వేయరు తాగి మోకా (కొలవవలసిన పొలం) మీదికి వచ్చాడని ఉంది. సాక్షి సంతకాలు మూడు. విచారణలో ఏమీ తేలలేదు గానీ, మొహం రంగు మీద సంజాయిషీ రాసి ఇవ్వవలసి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆ కాగితం రాసిన రాత్రే ఈ జబ్బు సంగతి తేల్చుకోవాలనుకున్నాను. అది రోజేషియా అనే చర్మం జబ్బని తేలడానికి మరో ఏడాది పట్టింది, అందులో ఎక్కువ భాగం నా స్వయంకృతమే.

నేను చామనఛాయ మనిషిని. మా వంటి ఒంటిరంగు మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. కమిలిన వంకాయ రంగుగానో, ఎండకు నల్లబడినట్టుగానో, ఒక్కోసారి మొహం ఊరికే నూనె కారుతున్నట్టుగానో కనిపిస్తుంది. అందువల్ల అద్దంలో చూసుకొని "ఎండకు మాడాను" అనుకుంటూ మూడు నాలుగేళ్లు గడిపేశాను. రంగు చెప్పని సంగతిని స్పర్శ చెప్పింది. మధ్యాహ్నం ఇంటికి వచ్చి అరచేతి వెనుకభాగాన్ని బుగ్గకు ఆనిస్తే, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా కాలుతుండేది. మెడ మాత్రం మామూలుగానే ఉండేది. సబ్బు తగిలితే చురచుర, గడ్డం గీసుకుంటే మంట, కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర. ముక్కు పక్కన మొటిమల్లాంటి పొక్కులు లేచేవి. నలభై దాటాక ఈ మొటిమలేమిటని మా ఆవిడ నవ్వేది. మొటిమలకుండే నల్లని ముల్లు వాటిలో ఒక్కదానికీ లేదన్న సంగతి అప్పట్లో మాకు తట్టలేదు.

మా అమ్మ నిర్ణయం ఒక్క మాటలో తేలిపోయింది: "వేడి చేసిందిరా కొడకా." సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది, అంబలి తాగించింది, నెత్తికి ఆముదం అంటింది. వీటి వల్ల మేలూ లేదు, కీడూ లేదు. కీడు జరిగింది బత్తాయి తొక్కల వల్ల. మాది బత్తాయి తోటల జిల్లా కాబట్టి ఇంటింటా ఎండబెట్టిన తొక్కల పొడికి కొదువ లేదు. మా వదిన దాన్ని శనగపిండిలో కలిపి మొహానికి పట్టించమంది. అటువంటి పండ్ల తొక్కల్లో ఉండే తైలాలు అసలే రేగిన చర్మాన్ని ఇంకా రేపుతాయని అప్పుడు తెలియదు. పది నిమిషాలు ఓర్చుకొని కడిగేసరికి కళ్ల కింద ఎర్రని గీతలు తేలాయి, రెండు రోజుల పాటు పొట్టు రాలింది. నిమ్మరసం, టూత్‌పేస్టు, సున్నిపిండితో గట్టిగా రుద్దడం వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. చల్లగా అనిపించే ప్రతిదీ చలువ చేయదు. పుదీనా పూత తగిలిన చోట చల్లదనం ముందు, మంట వెనుక వస్తాయి.

ఆ తర్వాత ట్యూబు వచ్చింది. టౌనులో ఒక మందుల దుకాణంలో మొహం చూపించి ఏదైనా ఇవ్వమని అడిగాను. చీటీ అడగకుండానే ముప్పై సెకన్లలో ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టారు. మూడో రోజుకల్లా మొహం నున్నగా, తెల్లగా, పెళ్లికొడుకు మొహంలా తయారైంది. ఇంత మంచి మందుకు డాక్టరెందుకని సంబరపడి, ఎనిమిది నెలలు రాత్రిపూట రాసుకున్నాను. ఒక్క రాత్రి మానేస్తే మర్నాడు మొహం భగ్గుమనేది, మళ్లీ రాస్తే చల్లారేది. మందు పని చేస్తోందనడానికి అదే రుజువు అనుకున్నాను. ట్యూబు చుట్టూ సన్నని అక్షరాల్లో ఏముందో ఒక్కసారీ చదవలేదు. వృత్తిరీత్యా పహాణీలో గీసిన గీతను కూడా భూతద్దం పెట్టి చూసే మనిషిని నేను, నా మొహానికి రాసుకొనేదాని మీద ఉన్న ఎర్ర గీతను చూడలేదు.

చివరికి మా ఆవిడ పోరు పడలేక జిల్లా కేంద్రంలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె మొదట నా మొహాన్ని చూడలేదు, "ఏం రాస్తున్నారు, తీసుకొచ్చారా?" అని అడిగారు. జేబులోంచి ట్యూబు తీసి ఇస్తే, నిలువుగా ఉన్న ఎర్ర గీత మీద గోరు పెట్టి చూపించారు. ఆ గీత ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా అమ్మవలసింది కాదని, ట్యూబులో ఉన్నది మొమెటసోన్ అనే స్టెరాయిడ్ అని, దానికి తోడు రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పొరను ఊడదీసే ట్రెటినాయిన్ కలిపి ఉన్నాయని చెప్పారు. బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ అనే పేర్లు కనిపించినా అదే స్టెరాయిడ్ కుటుంబమని తెలుసుకోవాలి. ఇటువంటి 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మరాదని 2018లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అయినా తెల్లబడే క్రీముల పేరిట అవి అమ్ముడవుతూనే ఉన్నాయి; ఈ రకంగా పాడైన మొహాలు ఎంత ఎక్కువయ్యాయంటే, మన దేశపు చర్మవైద్యులు దానికి 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత ఆమె ఒక చిన్న గాజుపలక తీసి నా బుగ్గ మీద అదిమి, దాని గుండా చూశారు. అదిమిన చోట ఎరుపు మాయమై, తీయగానే తిరిగి వచ్చింది. అంటే రక్తం నాళాల్లోనే ఉంది, బయటికి కారలేదు. అదిమినా పోకుండా నిలిచే ఎర్రటి మచ్చలు వేరే రకం, వాటి సంగతి వేరుగా చూడాలి. ఇంటికి వచ్చాక చాయ్ గ్లాసు అడుగుతో అద్దం ముందు నేనూ ఆ పరీక్ష చేసుకున్నాను. నా చర్మం అసలు రంగు ఏమిటో ఆ గ్లాసు అడుగున, రూపాయి బిళ్లంత మేర, చాలా ఏళ్ల తర్వాత కనిపించింది.

జబ్బు పేరు రోజేషియా. మొదటి నుంచీ ఉన్నది అది. దాని మీద స్టెరాయిడ్ వచ్చి కూర్చుంది. మొహం చర్మంలో రక్తనాళాలు మిగతా ఒంట్లో కంటే దట్టంగా, పైపైన ఉంటాయి. సిగ్గుకో కోపానికో ఎవరికైనా అవి వెడల్పై మొహం కందుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. రోజేషియా ఉన్నవారిలో వెడల్పు కావడం తొందరగా, సర్దుకోవడం ఆలస్యంగా జరుగుతాయి. కొన్నేళ్లకు కొన్ని నాళాలు వెడల్పుగానే నిలిచిపోయి ముక్కు పక్కన ఎర్రని దారపు పోగుల్లా పైకి కనిపిస్తాయి. సాధారణంగా ముప్పై దాటాక మొదలవుతుంది, ఆడవారిలో ఎక్కువ. మగవారిలో మాత్రం ముక్కు చర్మం మందమై గడ్డకట్టే రకం ఎక్కువగా కనిపిస్తుంది. ఐర్లండు వంటి చల్లని దేశాల తెల్లవారి జబ్బుగా దీన్ని పుస్తకాల్లో రాసి పెట్టడం వల్ల, మన రంగు మనుషుల్లో దీన్ని పోల్చుకోవడం ఆలస్యమవుతుందని ఆమె అన్నారు. మన చర్మంలో దీని ఆనవాలు రంగులో కంటే వేడిలో, మంటలో ఎక్కువగా దొరుకుతుంది.

"తాగుడు వల్ల వస్తుందా మేడమ్?" అని అడిగాను. అడగడానికి నాకు సొంత కారణం ఉంది కదా. మద్యం కొందరిలో దీన్ని రేపుతుంది గానీ పుట్టించదని, జన్మలో చుక్క తాగనివారికి కూడా వస్తుందని ఆమె చెప్పారు. ఆ మాటను లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మని అడుగుదామా అనిపించింది. అడగలేదు.

ఆ తర్వాత చదివినవాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక చిన్న ద్వారం కథ. మన నరాల కొనల్లో 'ట్రిప్ వీ 1' అనే గ్రాహకం ఉంటుంది. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకొని "కాలుతోంది" అని కబురు పంపుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా అదే ద్వారం తెరుచుకొని అదే కబురు పోతుంది. అందుకే కారం తిన్నప్పుడు నోరు 'మండుతుంది' అంటాము. మాట వరసకు అన్నది కాదు, నరానికి రెండూ ఒకటే. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. రోజేషియా ఉన్న చర్మంలో ఈ ద్వారం తేలికగా తెరుచుకుంటుంది, తెరుచుకున్నప్పుడల్లా నాళాలు వెడల్పవుతాయి. మే నెలలో 45 డిగ్రీలకు ఎక్కే ఊళ్లో పుట్టి, పచ్చిమిరపకాయలు నూరి జొన్నరొట్టెలో నంజుకొనే ఇంట్లో పెరిగిన వాడికి, ఎండా కారమూ ఒకే వాకిట్లోంచి వస్తాయని తెలియడం ఎంత పెద్ద విషయమో చెప్పలేను. అమ్మ 'వేడి' అన్నది ఈ లెక్కన పూర్తిగా తప్పేమీ కాదు. ఆమె చెప్పిన వేడి కడుపులో ఉంది, అసలు వేడి బుగ్గలో ఉంది.

స్టెరాయిడ్ మానిన నెల గురించి ఎవరూ ముందే చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఎలా మానాలన్నది వాడిన మందు బలాన్ని, వాడిన కాలాన్ని బట్టి డాక్టరే నిర్ణయించాలి. ఒకేసారి మాన్పిస్తారా, మెల్లమెల్లగా తగ్గిస్తారా అన్నది మనం తేల్చుకోవలసింది కాదు. నాకు మాన్పించిన మూడో రోజు నుంచి మొహం ఉబ్బి, నిప్పుల మీద పెట్టినట్టు మండింది, గదవ చుట్టూ చీముపొక్కులు లేచాయి. నిద్ర పట్టేది కాదు. తడిపి పిండిన నూలు తువ్వాలను మొహం మీద వేసుకొని, టేబుల్ ఫ్యాను ముందు కూర్చొని మూడు రాత్రులు గడిపాను. ఐసుముక్క నేరుగా రుద్దవద్దన్నారు, అదీ మంటకు మంట తోడు చేస్తుందట. రెండో వారంలో ఒక రాత్రి పాత ట్యూబు కోసం బీరువా అంతా వెతికాను. మా ఆవిడ దాన్ని ముందే చెత్తబండిలో వేసేసింది. ఆ సంగతి అప్పుడు చెప్పకుండా, నేను బీరువా సర్దేదాకా చూసి, "దొరికిందా?" అని అడిగింది. ఐదో వారానికి మంట దిగింది.

నాకు ఇచ్చిన మందులను పేర్లతో చెప్పినా, చదివినవారు దుకాణానికి వెళ్లి అడగడానికి కాదు, డాక్టరు రాసినప్పుడు అదేమిటో తెలియడానికి మాత్రమే. పొక్కులకు మెట్రోనిడజోల్ జెల్ ఇచ్చారు, తర్వాత ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీముకు మార్చారు. మనందరి మొహాల మీద రోమకూపాల్లో డెమోడెక్స్ అనే కంటికి కనపడని పురుగులు కాపురం ఉంటాయి. రోజేషియాలో వాటి సంఖ్య పెరుగుతుంది, ఆ క్రీము వాటిని తగ్గిస్తుంది. ఇది మురికి వల్ల వచ్చింది కాదు, కాబట్టి రోజుకు ఐదుసార్లు సబ్బుతో కడిగినా పోదు, కడిగిన కొద్దీ ముదురుతుంది. కొందరికి అజలాయిక్ యాసిడ్ ఇస్తారు. తక్కువ మోతాదులో డాక్సీసైక్లిన్ మాత్రలు కొన్ని వారాలు మింగాను: నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, మింగగానే పడుకోకూడదు, పాలతో కలిపి వేసుకోకూడదు, అవి వాడే రోజుల్లో ఎండ ఇంకా తొందరగా తగులుతుంది. గర్భిణులకు పనికిరావు. పొక్కులు తగ్గడానికి రెండు మూడు నెలలు పట్టింది. వెడల్పై నిలిచిపోయిన నాళాలకు మాత్రం పూతలు పని చేయవు, లేజరు వంటి చికిత్సే దారి అన్నారు. హైదరాబాద్ దాకా పోయి అది చేయించుకొనేంత తాపత్రయం నాకు లేదు. కళ్ల గరగర కూడా ఇందులో భాగమేనని తెలిసి ఆశ్చర్యపోయాను. కంటి డాక్టరుకు చూపించుకొని, రోజూ గోరువెచ్చని తడిగుడ్డను మూసిన రెప్పల మీద పెట్టి తుడుచుకోవడం అలవాటు చేసుకున్నాను.

మందుల కంటే రోజువారీ సర్దుబాటే ఎక్కువ కష్టం. డాక్టరమ్మ నన్ను ఒక నోటుబుక్కు పెట్టమన్నారు; మొహం మండిన రోజున అంతకు ముందు రెండు గంటల్లో ఏం తిన్నానో, ఎక్కడ ఉన్నానో రాయాలి. నేను దాన్ని ఫీల్డుబుక్కు వెనుక పేజీల్లోనే రాశాను. ముందు వైపు కొలతలు, వెనుక వైపు పచ్చిపులుసు, సకినాలు, బస్సు ఇంజను పక్క సీటు. ఆరు వారాల తర్వాత చూస్తే లెక్క నేను అనుకున్నట్టు లేదు. చింతపండు అమాయకురాలు. వంకాయ మీద పడ్డ నింద అబద్ధం. దోషుల్లో మొదటిది ఎండ, రెండోది చాయ్, మూడోది పచ్చిమిరప తొక్కు, నాలుగోది అర్జీదారుతో వాదన. ఈ వరుస అందరికీ ఒకటి కాదు, ఎవరి పుస్తకం వారు రాసుకోవలసిందే.

చాయ్ మానేయమంటారని భయపడ్డాను. నాళాలను రేపేది అందులోని కెఫీన్ కాదు, వేడి. కాబట్టి మానలేదు, చల్లార్చుకున్నాను. క్లాక్ టవర్ దగ్గర నేను తాగే చోట చాయ్ పోసే అబ్బాయి ఇప్పుడు నేను బండి దిగడం చూడగానే రెండు గ్లాసుల మధ్య నాలుగుసార్లు ఎత్తిపోసి, మీగడ కట్టేదాకా పక్కన పెట్టి ఇస్తాడు. "సారుది సద్ది చాయ్" అని కేక వేస్తాడు, పక్కవాళ్లు నవ్వుతారు. పచ్చిమిరప తొక్కు మాత్రం వారానికి ఒకసారి, అదీ సెలవు రోజు రాత్రి, ఎటువంటి ఎండా లేనప్పుడు తింటాను. మొహం మండుతుంది. మండనిస్తాను.

ఎండను తప్పించుకోవడం నా ఉద్యోగంలో కుదరదు. అందుకని చెలక పనిని ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టి పదిన్నరకు ముగించి, ఆఫీసు కాగితాల పనిని మధ్యాహ్నానికి నెట్టాను. రైతులకు కూడా ఆ వేళే నయం. టోపీ కంటే నల్ల గొడుగు మేలు, గాలి ఆడుతుంది. సన్‌స్క్రీన్ విషయంలో చాలా తిప్పలు పడ్డాను. రసాయనాలు తక్కువగా ఉండే జింక్ ఆక్సైడ్ రకం, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత తీసి మొహానికీ మెడకూ రాయాలన్నారు. రాసుకొని మోకా మీదికి వెళ్తే పగటివేషగాడు వచ్చాడనుకున్నారు. అంతకు ముందు తాగుబోతును, ఇప్పుడు వేషగాణ్ణి. తర్వాత ఐరన్ ఆక్సైడ్ కలిపిన మట్టిరంగు రకం దొరికింది, అది మన చర్మంలో కలిసిపోతుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమటలో ఎంత నిలుస్తుందో గానీ, రాయని రోజుకూ రాసిన రోజుకూ సాయంత్రం తేడా తెలుస్తుంది.

క్షౌరశాలలో మా ఊరి అలవాటు ప్రకారం గడ్డం గీశాక పటిక రుద్ది, దాని మీద ఘాటైన లోషను చల్లి, వేడి తువ్వాలతో అద్ది, ఆ పైన మొహానికి మసాజు చేస్తారు. ఒక్క కుర్చీలో నాలుగు నేరాలు. ఇప్పుడు ఇంట్లోనే, ట్రిమ్మరుతో, చర్మానికి ఆనించకుండా గడ్డం తీసుకుంటున్నాను.

ఎరుపంతా రోజేషియా కాదన్నది కూడా చెప్పాలి. బీపీకి వేసుకొనే ఆమ్లోడిపిన్ వంటి మాత్రలతో కొందరికి మొహం కందుతుంది. నెలసరి ఆగే వయసులో ఆడవారికి ఆవిర్లు వస్తాయి. తలకు, మీసాలకు రంగు వేసుకొనేవారికి నుదురూ చెవులూ ఎర్రబడి దురద పెడితే ఆ రంగును అనుమానించాలి, బొట్టు చుట్టూ అయితే కుంకుమను. ముక్కు మడతల్లో, కనుబొమల్లో జిడ్డు పొట్టు రాలితే అది చుండ్రు జాతి. చిన్న వయసు ఆడపిల్లకు రెండు బుగ్గలూ సీతాకోకచిలుక ఆకారంలో కంది, ముక్కు పక్క మడత మాత్రం మామూలుగా ఉండి, కీళ్లనొప్పులూ జ్వరమూ నోటిపుండ్లూ తోడైతే లూపస్ (ఒంటి రక్షణ శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) కోసం రక్తపరీక్ష చేయించాలి. ఎర్రని మచ్చలో స్పర్శ తెలియకపోతే కుష్ఠు కావచ్చు, దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా పూర్తిగా నయం చేసే మందులున్నాయి. ఒక వైపు బుగ్గ మాత్రమే వాచి, ముట్టుకుంటే నొప్పిగా ఉండి, జ్వరంతో ఎరుపు గంటగంటకూ పాకుతుంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

నా మొహం ఇప్పటికీ కందుతుంది. పెళ్లిళ్ల ఫొటోల్లో అది తెలుస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా తెలుస్తుంది. ఎవరైనా పరకాయించి చూస్తే నేనే ముందు, "చర్మం జబ్బు, ఎండ పడదు" అని చెప్పేసి కొలత గొలుసు పరిపిస్తున్నాను. పోయిన నెలలో మహబూబ్‌నగర్‌లో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, ఇంటర్ చదివే మేనకోడలి పుస్తకాల బల్ల మీద అదే ట్యూబు కనిపించింది, అడుగు నుంచి సగం దాకా చుట్టి ఉంది. ఎర్ర గీతను చూపించి, ఎన్నాళ్లుగా రాస్తున్నావమ్మా అని అడిగాను. "కాలేజీల అందరు గదే రాస్తున్రు మామా" అంది. పారేయమని అనలేదు, ఒక్కసారిగా మానితే ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చే సోమవారం అక్కడి డాక్టరు దగ్గరికి మేమిద్దరం వెళ్తున్నాము. ట్యూబును వెంట తెచ్చుకోమన్నాను.